కాకి వాలని మిద్దెలు

బెదురు తుపాకీ మా ఇంటికి వచ్చిన రోజు నేను దానికి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టాను. కొడవలికి పెడతాం, పారకు పెడతాం, మందు కొట్టే పంపుకూ పెడతాం. ఇదీ అంతే కదా అనుకున్నాను. ఏడేళ్ళ తర్వాత ప్రభుత్వం వారు, అది పనిముట్టు కాదు ఆయుధమని కాగితం పంపితే, మా ముళ్ళగుట్టపల్లెలో నలభై ఒక్క ఇళ్ళవాళ్ళం రోడ్డెక్కాం. అందరికంటే ముందు కూచున్నది నేనే. అందరికంటే ముందు తుపాకీ ఇచ్చేసిందీ నేనే. ఎందుకిచ్చానో చెబితే ఊళ్ళో సగంమంది నమ్మలేదు, తక్కినవాళ్ళు వినలేదు. అందుకని రాస్తున్నాను. మూడో తరగతితో బడి మానినదాన్ని. వంకరటింకరలుంటే మీరే సర్దుకోండి.

మాది అడవి అంచు. చెనిక్కాయ, అదే వేరుశనగ, పండే ఎర్రనేల. కాయ ఊరే వేళకు పందులు దిగుతాయి. ఒక్క పూట చాలు, ట్రాక్టరు దున్నినట్టు మూతితో చేనంతా తిరగేసి పోతాయి. మేం చెయ్యని పని లేదు. డబ్బాలు కొట్టాం, టపాకాయలు పేల్చాం, చేను చుట్టూ పాతచీరలు కట్టాం. నా పెళ్ళిచీర కూడా కట్టాను. దాన్ని చించుకునే వెళ్ళాయి.

అప్పుడు వచ్చింది తబస్సుం. వ్యవసాయ పరిశోధన చేసే డాక్టరమ్మ, సన్నగా రివటలా ఉండేది. మొదటిసారి చేతిలో చదరపు పెట్టె పట్టుకొచ్చింది. నొక్కితే మన చెవికి వినపడని మోత పుడుతుందట, పంది గుండెలో భయం నాటుకుంటుందట. నా పెనిమిటి మునెప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేందమ్మా, రేడియోనా? దీన్ని చూసి పంది నవ్వతాది. తుపాకీ మాదిరి ఉంటే గదా మొగోడు కొనేది!"

ఊళ్ళో మొగవాళ్ళంతా అదే మాట అన్నారు. పాపం ఆ పిల్ల ఆరు నెలలకు అదే పెట్టెను పొడుగు గొట్టంలో అమర్చి, వెనక కట్టె మడమ బిగించి, ట్రిగ్గరు పెట్టుకుని వచ్చింది. అచ్చం రైఫిలే. అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పే తర్వాత మా కొంప ముంచింది.

మొదటి పరీక్ష మా చేలోనే చేశారు. మునెప్పకు చక్కెర జబ్బుతో చూపు మందగించింది కాబట్టి తుపాకీ నా చేతికిచ్చారు. కట్టె మడమకు చెంప ఆనేచోట మెత్తటి దూదిబిళ్ళ ఒకటి ఉండేది.

"అది నీ చెమట వాసన తీసుకుంటాదవ్వా," అంది తబస్సుం. "మోతతో పాటు ఆ వాసన గూడా పోతాది. ఈ వాసన తగిలితే ఈ భయం అని పందికి మనసులో పడిపోతాది."

పొద్దు వాలుతుండగా అయిదారు పందులు దిగాయి. నేను గురి చూసి నొక్కాను. చప్పుడు లేదు, పొగ లేదు. నలభై అడుగుల దూరంలో ఒక పెద్ద పంది, పసిబిడ్డ ఏడ్చినట్టు ఏడ్చి కూలబడింది. కాసేపటికి లేచింది. నావైపు ఒక్క చూపు చూసింది చూడండి, దయ్యాన్ని చూసినట్టు. అంతే, మందంతా కట్టగట్టుకుని పరుగు.

"చావదు," అంది తబస్సుం సంబరంగా. "కానీ మర్చిపోదు. పిల్లలకు గూడా నేర్పుతాది."

మునెప్ప నావైపు చెయ్యి చూపి కడుపుబ్బ నవ్వాడు. "నలభై ఏండ్లుగా నేనొక్కణ్ణే బెదురుతా ఉంటి దీనికి. ఇప్పుడు పందులు గూడా తోడొచ్చినాయి."

ఆ ఏడు చేను చేనులాగా ఇంటికొచ్చింది. తుపాకీ నా పేరునే రాశారు. ముద్ర వేసిన రసీదు, నా ఫోటో అంటించిన నీలి పుస్తకం ఇచ్చారు. ఏటేటా ఆఫీసుకు పోయి పుస్తకంలో ముద్ర వేయించుకున్నాను. ఒక్క ఏడు తప్పలేదు.

మరుసటేడు మునెప్ప పోయాడు. పోయే ముందు మూడు రోజులు ఒకటే అడిగాడు, ఓళిగ తినాలని ఉంది చెయ్యవే అని. మీ వైపు బొబ్బట్టు అంటారేమో. చక్కెర ఎక్కువైంది, పెడితే ఊరుకోనని డాక్టరు చెప్పి ఉన్నాడు. "బాగైనాక చేస్తాలే" అన్నాను. బాగుకాలేదు.

పెద్దదినం నాడు ఏటి ఒడ్డున విస్తరి పరిచారు. మాకు పిల్లల్లేరు. ఆయన అన్నకొడుకు ముద్ద పెట్టాడు, నేను పక్కన నిలబడ్డాను. కాకి రాలేదు. చెట్టుమీద నాలుగు కూచుని ఉన్నాయి, మెడలు తిప్పి చూస్తున్నాయి, దిగవు. "ఏదో కోరిక మిగిలిపోయిండాది" అన్నారు పెద్దలు. ఒక్కొక్కరే చనిపోయినవాడికి మాట ఇచ్చారు. నీ పెండ్లాన్ని చూసుకుంటాం అన్నారు, చేను బీడు పెట్టం అన్నారు. కాకి కదలదు. ఆఖరికి నేను గొంతు పెంచి అన్నాను.

"ఏటేటా ఓళిగ చేసి పెడతా, రావయ్యా!"

నాలుగూ ఒక్కసారిగా ఎగిరి అటు పక్కకు వెళ్ళిపోయాయి. విస్తరి ఏట్లో వదిలి ఇంటికొచ్చాం.

మాట తప్పలేదు నేను. ఆయన పోయిన తిథికీ, పెద్దల అమావాస్యకూ ఓళిగ చేసి మిద్దెమీద పెట్టి కా కా అని పిలిచాను. ఆరేళ్ళు. ఒక్క ముక్క ముట్టితే ఒట్టు. ఎండలో ఓళిగ వంకర తిరిగి అట్టలా అయ్యేది. ఎవరి కంటా పడకుండా కొంగులో మూటగట్టి పెంటకుప్పలో పూడ్చేదాన్ని. కాకి ముట్టని ఇల్లంటే ఎంత నామోషీనో మీకు తెలియనిదా? రాత్రి పడుకునేముందు గోడమీది ఫోటోతో పోట్లాడేదాన్ని. "ఒక్క ఓళిగకు ఇన్నేండ్లా అలగడం? నీ మంచికే గదయ్యా పెట్టలేదు" అని.

ఈలోగా ఇంట్లో ఒక్కొక్కటే దూరమయ్యాయి. మా కుక్క కర్రోడు నేను అన్నం పెడితే, నేను లోపలికి వెళ్ళేదాకా పళ్ళెం దగ్గరికి వచ్చేవాడు కాదు. ఒకరోజు అసలే రాలేదు. బర్రె పాలు చేపడం మానేసింది. పొదుగు కింద కూచుంటే ఒళ్ళంతా వణికేది, తన్నేది. ముసలిదైపోయిందనుకుని అమ్మేశాను. కొన్నవాళ్ళ ఇంట్లో బకెట్టు నిండా ఇచ్చిందని తర్వాత తెలిసింది. గువ్వలు కూడా పెరట్లో గింజలు తినేవి కావు. ఇల్లంతా నా చెప్పుల చప్పుడే. నా వయసుకు ఇంతేలే అనుకున్నాను. మనిషి అన్నిటికీ ఏదో ఒక సమాధానం చెప్పుకుంటుంది కదా.

ఆ తర్వాత వచ్చింది కాగితం. ఎక్కడో ఎడ్ల పందెంలో ఎవడో ఎదుటివాడి ఎడ్లమీద బెదురు తుపాకీ ప్రయోగించాడట. ఎడ్లు జనంలోకి దూరి ముగ్గురు చచ్చిపోయారట. అందుకని దేశంలో ఉన్న బెదురు తుపాకులన్నీ వ్యవసాయ పనిముట్ల జాబితాలోంచి తీసి రైఫిళ్ళ జాబితాలో వేశారు. పెద్దల అమావాస్య దాటిన పదిహేను రోజుల్లో అందరూ తెచ్చి అప్పగించాలి. లేకపోతే ఇంటికొచ్చి పట్టుకుపోతారు, కేసు.

ఊరు భగ్గుమంది. మా పక్కింటి ఓబులేసు సంఘం పెట్టాడు. నోరున్నవాడు, యాభై దాటినవాడు, ఊరందరికీ పనికొచ్చే మనిషి. నన్ను తీసుకెళ్ళి తహసీల్దారు ఆఫీసు ముందు చాపమీద మొదటి వరసలో కూచోబెట్టాడు.

"నువ్వు ముందుండు పెద్దమ్మా. డెబ్బై ఏండ్ల ముసలమ్మను చూస్తే టీవీవోళ్ళు పరిగెత్తుకొస్తారు."

"చూపించుకోడానికి నేనేమన్నా బొమ్మనారా?"

"బొమ్మవైతే ఇంత మాట్లాడవులే."

తహసీల్దారు చిన్నవాడే, మర్యాదస్తుడు. బయటికొచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "అవ్వా, పొడుగు గొట్టం, వెనక మడమ, ట్రిగ్గరు. చట్టం ప్రకారం ఇది రైఫిలే గదా."

"మా పొయ్యి దగ్గర ఊదుగొట్టం గూడా పొడుగే సారూ. అది గూడా రాసుకోండి."

జనం గొల్లుమన్నారు. ఆయనకూ నవ్వొచ్చింది, దాచుకున్నాడు.

"మేం దొంగతనంగా కొన్నామా?" అన్నాను. "మీవోళ్ళే తెచ్చినారు, మీవోళ్ళే ముద్రేసినారు. యాడనో ఒక ఎదవ ఎడ్లను బెదిరిస్తే మా చేను పందులకు రాసిస్తారా? కత్తితో ఒకడు గొంతు కోస్తే ఊరందరి కత్తిపీటలు గుంజుకుంటారా?"

ఆ మాట టీవీలో వచ్చింది. నేనన్న మాటల్లో ఇప్పటికీ వెనక్కి తీసుకోవలసింది ఒక్కటీ లేదు. అది గుర్తుపెట్టుకోండి.

పెద్దల అమావాస్య వచ్చింది. ఓళిగ చేసి మిద్దెకెక్కాను. పిలిచాను, పిలిచాను. చివరికి విస్తరి చుట్టి తలెత్తేసరికి పక్క మిద్దెమీద ఓబులేసు భార్య సాలమ్మ. తనూ విస్తరి చుట్టి కొంగులో దోపుకుంటోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇద్దరం తల తిప్పుకున్నాం.

అప్పుడు కా కా అని గోల వినిపించింది. నాలుగిళ్ళ అవతల టైలరు సుబ్బరాయుడి మిద్దెమీద కాకుల జాతర. ఇంకా అవతల కుమ్మరి లచ్చుమయ్య ఇంటిమీద అంతే. మధ్యలో మా మిద్దెలన్నీ బోడిగా ఉన్నాయి. సుబ్బరాయుడికి చేను లేదు, లచ్చుమయ్యకూ లేదు.

నాకు చదువు లేదు కానీ, ఏ ఏడు ఎవరి మిద్దెమీద కాకి వాలిందో అడగండి, చెబుతాను. అక్కడే కూలబడి ఒక్కొక్క ఇల్లే తలుచుకున్నాను. దామోదరం తల్లి పోయిన ఏడు కాకి క్షణంలో వచ్చింది. అప్పటికి తుపాకీ లేదు. కొన్నాక రాలేదు. గంగిరెడ్డి అందరికంటే రెండేళ్ళు ఆలస్యంగా కొన్నాడు. ఆ రెండేళ్ళూ వాళ్ళింటిమీద కాకులు కొట్లాడుకున్నాయి. కొన్నాక ఒక్కటి లేదు. ఇల్లు ఇల్లుకూ అదే లెక్క.

మర్నాడు పాలకేంద్రం వరండాలో సంఘం కూడింది. కోర్టుకు వెళ్ళే మాట తేలాక ఓబులేసు నన్ను మాట్లాడమన్నాడు. నేను లేచి ఒక్కటే అడిగాను.

"నిన్న ఎవరి మిద్దెమీద కాకి ముద్ద ముట్టింది?"

నేను నా సంగతి చెప్పాను, ఓళిగ సంగతి, పెంటకుప్ప సంగతి. దామోదరం నెమ్మదిగా అన్నాడు. "మాయమ్మ కమ్మలు కుదవ పెట్టినందుకు అలిగిందనుకుంటి." గంగిరెడ్డి, తమ్ముడి భాగం తను కలుపుకున్న సంగతి చెప్పాడు. ఒకరి తర్వాత ఒకరు చెప్పుకొచ్చారు. ప్రతి ఇంట్లో ఒక చచ్చినవాడు అలిగి కూచున్నాడు, ప్రతి ఇల్లూ అది పక్కింటికి తెలియకుండా దాచుకుంది. ఒక్కరం నోరు విప్పి ఉంటే మొదటేడే తెలిసిపోయేది.

ఓబులేసు అందరికంటే చివర మాట్లాడాడు. "నాయిన పెంచిన ఎద్దును అమ్మి ట్రాక్టరు తెస్తి. అందుకే రాలేదనుకున్యా. ఆరేండ్లు..." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "సరే. అయిందేదో అయింది. ఈ మాట ఈ వరండా దాటకూడదు. కోర్టులో తేలేదాకా ఎవరూ ఎత్తొద్దు. కాకి కోసమని చేను పోగొట్టుకుంటామా?"

ఆయన మాటలోనూ న్యాయం ఉంది. కానీ నేను ఆరోజే తబస్సుంకు ఫోను చేశాను.

మూడో రోజుకు వచ్చింది. జుట్టు కాస్త నెరిసింది. నేను చెప్పిందంతా వింది. "మేం బోనులో పందుల్ని చూసినాం అవ్వా. కుక్కను చూడలా, కాకిని చూడలా. కాకులు దుక్కిలో పురుగుల కోసం చేను వెంబడే తిరుగుతాయి గదా. మోత కొంచెం వెనక్కి గూడా చిమ్ముతాదేమో. అదీగాక కాకులు మనిషి మొహాన్నే గుర్తుపెట్టుకుంటాయి."

"ఏమోలు నాకొద్దు పాపా. చూపించు."

అప్పుడు ఆ పిల్ల మా ఇంట్లో పరీక్ష పెట్టింది. నేను ఒక ఓళిగ చేశాను. నన్ను గుమ్మం అవతల కూచోబెట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, తను ఇంకొకటి చేసింది. వంకరగా వచ్చింది, ఒక పక్క మాడింది. రెండూ రెండు విస్తళ్ళలో సుబ్బరాయుడి మిద్దెమీద అటూ ఇటూ పెట్టి వచ్చింది. మేం వాళ్ళ మెట్లగది కిటికీలోంచి చూశాం. చిటికెలో కాకులు దిగాయి. మాడిన ఓళిగ పీకి పంచుకుని తిన్నాయి. నా ఓళిగ దగ్గరికి ఒకటి నాలుగడుగులు వేసింది, ఆగింది, రెక్క కొట్టుకుని లేచిపోయింది. మిగతావీ దాని వెనకే లేచాయి.

ఓళిగలో తప్పు లేదు. నా చేతిలో ఉంది.

"తాత అలగలేదవ్వా," అంది తబస్సుం. కళ్ళనిండా నీళ్ళు. "తప్పు నాది."

"ఏడవమాక. రంజానుకు నువ్విచ్చిన సేమ్యాలు చక్కెర జబ్బని గూడా చూడకుండా నాకు తెలీకుండా తిన్యాడు. ఇప్పుడు నీ చేతి ఓళిగ గూడా తిన్యాడు చూడు. నాదే దక్కలా."

నవ్వాననుకున్నాను. నవ్వు రాలేదు. ఆయన అలగలేదని తెలిసిన సంతోషం పొద్దు మునిగేదాకా కూడా నిలవలేదు. అలిగినవాడైతే బతిమాలుకోవచ్చు. ఇప్పుడు బతిమాలడానికి కూడా ఎవరూ లేరు.

"ఇది పోతాదా?" అని అడిగాను.

"పాత కాకులు మర్చిపోవు. పిల్లలకు నేర్పిస్తాయి. నువ్వు తుపాకీ పట్టినంతకాలం ఆ పాఠం కొత్తగానే ఉంటాది. వదిలేస్తే మెల్లమెల్లగా..."

"ఎన్నేండ్లు?"

"తెలీదు. ఇంతవరకూ ఎవరూ వదల్లేదు గదా."

"ముందు ఏదొస్తాది నా దగ్గరికి?"

ఆలోచించి చెప్పింది. "దేనికి ఆకలి ఎక్కువైతే అది."

మర్నాడు తుపాకీ మీది పసుపూ కుంకుమా తుడిచి, దాన్ని నా పాతచీరలో చుట్టుకుని బస్సెక్కాను. ఆఫీసు గుమాస్తా కాగితం తీశాడు. "కారణం: ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం" అని రాయబోయాడు.

"అట్ల రాయొద్దు నాయినా. ఉత్తర్వు తప్పు. నేను కాకి కోసం ఇస్తాండా. అది రాయి."

"అట్ల రాసే గడి లేదవ్వా ఇందులో."

"అయితే గడి బయట రాయి."

నా మొహం చూసి, కాగితం అంచున సన్నగా రాశాడు. "కాకి కోసం." దాని కింద అక్షరాలు కూడబలుక్కుని చెంగమ్మ అని సంతకం చేశాను.

మెట్లు దిగుతుంటే చాపమీద మావాళ్ళంతా ఉన్నారు. మొదటి వరసలో నా చోటు ఖాళీగా ఉంది. ఓబులేసు లేచి నిలబడ్డాడు.

"నట్టేట ముంచితివి గదా పెద్దమ్మా."

"నాది నేనిచ్చినా ఓబులేసా. నీది గుంజుకోడానికొస్తే అడ్డం పండుకునేది గూడా నేనే. జరుగు, కూచుంటా."

"వద్దులే. నువ్వు కూచుంటే కాకులే కాదు, మనుషులు గూడా వాలరు."

చాపమీద ఎవరూ నవ్వలేదు. జరగనూ లేదు. నేను బస్టాండుకు నడిచాను.

కోర్టు స్టే ఇచ్చింది. నలభై తుపాకులు నలభై ఇళ్ళలోనే ఉన్నాయి, మంచిదే. అడ్డం పడుకునే అవసరం నాకు రాలేదు. నా ఇంటికి మాత్రం ఎవరూ రావడం మానేశారు. జంతువులు భయంతో రాలేదు, మనుషులు కోపంతో రాలేదు. సాలమ్మ ఒక్కతే అప్పుడప్పుడూ గోడమీంచి కరివేపాకు అందించేది, మాట మాత్రం అందించేది కాదు. అది ఓబులేసు చూడనప్పుడే.

మొదటేడు తుపాకీ లేకుండానే చేను వేశాను. పందులు రాలేదు. "చెంగమ్మకేం, వట్టి చేతుల్తోనే పంట" అని ఊళ్ళో ఎత్తిపొడిచారు. నాకు గుండెలో రాయి పడింది. పందులు రాలేదంటే వాటికింకా నేను గుర్తున్నాను. పెద్దల అమావాస్యకు కాకీ రాలేదు. రెండో ఏడూ అంతే. పంట ఇంటినిండా, ఇల్లు మాత్రం ఖాళీ. అలా చెనిక్కాయ రాశి పక్కన కూచుని ఏడ్చిన రైతు నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇది మూడో ఏడు. నాకు డెబ్బై మూడు వచ్చాయి. నిన్న తెల్లవారుతూనే చేలోకి వెళ్ళాను. గట్టెక్కుతుండగానే పచ్చిమట్టి వాసన కొట్టింది. చేను సగం తిరగబడి ఉంది, తీగలు వేళ్ళు పైకి పెట్టి పడున్నాయి. నడిమధ్యలో ఒక తల్లిపంది, చుట్టూ ఏడు పిల్లలు. కటకట కాయలు నములుతున్నాయి.

నేను కదల్లేదు. ఇరవై అడుగులు కూడా లేదు మధ్య. గాలి నా వీపు మీదినుంచి వాటివైపే వీస్తోంది. తల్లి తల ఎత్తింది. ముక్కు ఎగబీల్చింది, ఒకసారి, రెండుసార్లు. నన్ను చూసింది.

మళ్ళీ తల దించి తినసాగింది.

తొమ్మిదేళ్ళయింది, ఒక ప్రాణం నా ఎదురుగా నిలబడి తిండి తిని. "తినండే, తినండి" అన్నాను. నా గొంతు విన్నా కదల్లేదు అవి. ఒక బుల్లిపంది కాయ కోసం నా కాలి దగ్గరిదాకా వచ్చింది.

దారిలో ఓబులేసు ఎదురయ్యాడు. చేను సంగతి అప్పటికే తెలిసినట్టుంది. దాదాపు మూడేళ్ళ తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "చూసినావా పెద్దమ్మా, తుపాకీ ఇస్తే ఏమైందో!"

"చూసినా నాయినా," అన్నాను. "వచ్చినాయి."

ఆయనకు నేనెందుకు నవ్వుతున్నానో అర్థం కాలేదు.

పెద్దల అమావాస్యకు ఇంకా పందొమ్మిది రోజులుంది. అయినా ఇంటికి రాగానే డబ్బా దింపి శనగపప్పు ఎంతుందో చూశాను. ఒక గుప్పెడు నానబోశాను. చెయ్యి ఆడి చాలా రోజులైంది, మాడకుండా రావాలి కదా.